దయచేసి కాదనండి

తల్లిదండ్రులు మొదటి మాటకే 'సరే' అనడానికి వీల్లేదంటూ మేధాలిఫ్ట్ వారి విశాఖపట్నం ఆఫీసుకు సర్క్యులర్ వచ్చిన సోమవారం నాటికి సన్యాసిరావు ఖాతాలో ఇరవై నాలుగు కన్వర్షన్లు ఉన్నాయి. ఇంకొక్కటి పడితే ఆయన మళ్లీ మాస్టారవుతాడు.

మళ్లీ అని ఎందుకన్నానంటే, సన్యాసిరావు చీపురుపల్లిలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదిహేడేళ్లు లెక్కలు చెప్పాడు. పిల్లలు తగ్గి కాలేజీ మూతపడింది. యాజమాన్యం అదే భవనాన్ని కల్యాణమండపం చేసి, "మీరెక్కడికీ వెళ్లకండి మాస్టారూ, విస్తళ్ల లెక్క చూసుకుందురుగాని" అని మర్యాదగానే పిలిచింది. ఆయన వెళ్లలేదు. పేపర్లో 'అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు కావలెను' అన్న ప్రకటన చూసి, మధురవాడ కొండమీద అద్దాల మేడలో ఉన్న మేధాలిఫ్ట్‌కి వచ్చాడు. అది పిల్లలకు ఫోన్లో, కంప్యూటర్లో చదువు చెప్పే కంపెనీ. వచ్చాక తెలిసిందేమంటే, ముందు మూణ్ణెల్లు 'అకడమిక్ గ్రోత్ కౌన్సిలర్'గా పనిచెయ్యాలట. అంటే పిల్లలున్న ఇళ్లకి ఫోన్లు చెయ్యాలి. ఆ నంబర్లని లీడ్లంటారు. లీడ్ చేత కోర్సు కొనిపిస్తే దాన్ని కన్వర్షన్ అంటారు. మూణ్ణెల్లలో పాతిక కన్వర్షన్లు చేసినవాణ్ణి నాలుగో అంతస్తులో ఉన్న బోధన విభాగానికి పంపుతారు. చెయ్యనివాణ్ణి ఇంటికి పంపుతారు.

"చదువు చెప్పేవాడు ముందు చదువు అమ్మడం దేనికండీ?" అని మొదటి రోజే అడిగాడు సన్యాసిరావు.

"నీళ్లలో దిగకుండా ఈతొస్తుందా శాన్?" అన్నాడు ఫణీంద్ర. ఆయన ఆ ఆఫీసుకి పెద్ద. హోదా పేరు ప్రాంతీయ వృద్ధి సారథి. అక్కడ ఎవరి పేరునైనా మొదటి ముక్క దగ్గరే తుంచేస్తారు. పదిహేడేళ్లు 'మాస్టారూ' అని పిలిపించుకున్న మనిషి 'శాన్' అంటే పలకడం నేర్చుకోవడానికి నెల పట్టింది. పలకడం వచ్చింది గానీ, అలవాటు కాలేదు.

లీడ్లు ఊరికే రావు. వాటిని పట్టాలి. పుస్తకాల ప్రదర్శనలో చక్రం తిప్పితే పెన్ను ఇచ్చి నంబరు తీసుకుంటారు. స్కూలు గేటు ముందు పుల్లైసు బండి పెట్టి, పుల్లైసుకో నంబరు రాయించుకుంటారు. బూట్ల దుకాణాల్లో పదేళ్ల పిల్లల సైజు ఎవరు కొన్నారో కనుక్కుంటారు. సన్యాసిరావు పక్క సీటు కుర్రాడు లోవరాజు, పిల్లల డాక్టరు దగ్గర మధ్యాహ్నమంతా దగ్గుతూ కూర్చుని నలభై నంబర్లు పట్టుకొచ్చాడు. డాక్టరు వాడికి మందు కూడా రాసిచ్చాడు.

అలా సాఫీగా సాగిపోతున్న విద్యాసేవలో ఆ సోమవారం సర్క్యులర్ పడింది. స్థానికులకు దగ్గరవ్వాలని కంపెనీ వాటిని తెలుగులోనే పంపుతుంది.

'విషయము: సుముఖతా నియంత్రణ. ప్రథమ సంభాషణయందే సుముఖత వ్యక్తపరచిన తల్లిదండ్రులలో అరువది శాతము మంది పదిహేను దినములలోపు రుసుము వాపసు కోరుచున్నారనియు, కనీసము మూడు పర్యాయములు నిరాకరించి పిమ్మట చేరినవారు వాపసు కోరుట లేదనియు గణాంకముల వలన తేటతెల్లమైనది. కావున నిరాకరణయే విశ్వాసమునకు పునాది అని సంస్థ గుర్తించినది. ఇకపై మూడు నిరాకరణలు నమోదు కాని కన్వర్షన్ అశుద్ధముగా పరిగణింపబడును. తొలి మాటకే అంగీకరించువారు విశ్వాసపాత్రులు కారు. అట్టివారిని తక్షణము శీతల గిడ్డంగికి తరలించవలెను.'

శీతల గిడ్డంగి అనేది కంప్యూటర్లో ఓ జాబితా. అందులో పడ్డ నంబరుకి ఆ కంపెనీలో ఇంకెవరూ ఫోన్ చెయ్యలేరు, ఆ నంబరునుంచి వచ్చే ఫోన్ ఎవరికీ మోగదు.

సన్యాసిరావు లెక్కల మనిషి. మీటింగులో చెయ్యెత్తాడు. "మూడుసార్లు వద్దన్నవాళ్లు వాపసు ఎందుకు అడగటం లేదంటే, మూడుసార్లు చెప్పినా విననివాళ్లు నాలుగోసారి మాత్రం వింటారా అని ఊరుకుని ఉంటారండీ."

"శాన్, డేటాతో ఆర్గ్యూ చెయ్యకూడదు," అన్నాడు ఫణీంద్ర జాలిగా. "ఈ క్వార్టర్‌లో మనం రిజెక్షన్‌ని ఒక ఎసెట్‌లా చూడబోతున్నాం. కస్టమర్ 'నో' అన్నాడంటే మనతో ఎంగేజ్ అయ్యాడని అర్థం. 'ఎస్' అన్నాడంటే మనల్ని వదిలించుకుంటున్నాడని అర్థం."

అందరూ రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే లోవరాజుకి అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన దొరికాడు. "కట్టేస్తానయ్యా, ఎలా కట్టాలో చెప్పు," అన్నాడాయన.

"కొంచెం ఆలోచించుకోండి సార్," అన్నాడు లోవరాజు, పెదాలు తడుపుకుంటూ.

"ఆలోచించేను."

"ఇంట్లో మేడమ్‌గారిని అడగరా?"

"ఆవిడే చెయ్యమంది."

"పోనీ, రేటు మరీ ఎక్కువనిపించడం లేదా సార్?"

"ఎక్కువేం కాదే."

లోవరాజుకి కళ్లమ్మట నీళ్లొక్కటే తక్కువ. "సార్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఒక్కసారి వద్దనండి సార్. ఒక్కసారి."

"నువ్వు అమ్ముతున్నావా, మానిపిస్తున్నావా?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. పెట్టేసేముందు 'వద్దు' అన్నా బాగుండేది, అదీ అనలేదు.

సరిగ్గా అప్పుడే సన్యాసిరావు ఫోన్ మోగింది. మోగడమే విచిత్రం. అక్కడివన్నీ మోగించే ఫోన్లే గాని మోగే ఫోన్లు కావు.

"బాబూ, నాను కాశీబుగ్గ నుంచి దాలమ్మని. పిల్లలకి నీళ్ల సీసాలు పంచినారు మీవోళ్లు. సీసా మీద ఈ నంబరుంది. మా గుంట ఝాన్సీ తొమ్మిదో తరగతి. అన్నీ వచ్చు, లెక్కలే రావు. జీడిషెడ్డులో బోనసిచ్చినారు. ఎంతో సెప్పండి బాబూ, కట్టీస్తాను."

సన్యాసిరావు గుండె ఎగిరి, ఎగిరినచోటే ఆగిపోయింది. ఇరవై అయిదోది తనంతట తానే నడిచి వచ్చింది. కాని మొదటి మాటకే ఒప్పుకుంది. ఉన్నదున్నట్టు రాస్తే దాలమ్మ ఈ క్షణమే గిడ్డంగిలో పడుతుంది. తన మూణ్ణెల్ల గడువు తీరే నెలాఖరుకి ఇరవై రోజులే ఉన్నాయి.

"అమ్మా, ఇప్పుడే కట్టకండి. రేపు నేను ఫోన్ చేస్తాను. ఈలోగా ఓసారి ఆలోచించుకోండి."

"జీడిపిక్కలు వలుస్తున్నంతసేపూ ఆలోచించినాను బాబూ. ఇంకేటి ఆలోచించాల?"

ఆయన కంప్యూటర్లో 'వాయిదా' అని కొట్టాడు. వాయిదా వేసిన లీడ్‌కి రోజూ ఫోన్ చెయ్యకపోతే అదీ గిడ్డంగికే పోతుంది.

మర్నాడు చేశాడు. ఖరీదు ఎక్కువేమో అన్నాడు. అమ్మాయికి టైము చాలదేమో అన్నాడు. ఫోన్ చూసి కళ్లు పాడవుతాయేమో అన్నాడు. పదిహేడేళ్ల సర్వీసులో చదువు గురించి ఇన్ని చెడ్డమాటలు ఆయన నోట ఎప్పుడూ రాలేదు. దాలమ్మ అన్నీ ఓపిగ్గా విని, "నువ్వు మంచోడివి బాబూ, మోసం సెయ్యకుండా ముందే అన్నీ సెప్తన్నావు," అంది.

"అది కాదమ్మా. మీరు ఒక్కసారి వద్దంటే చాలు. తర్వాత చేర్చుకుంటాను."

"సదువు వద్దని నా నోటితో నానెలాగంటాను బాబూ? అయిదులో ఉండగా మా యమ్మ నన్ను అలగే మానిపించినాది. ఆ మాట నానింక ఆడను."

సన్యాసిరావుకి సిగ్గేసింది. ఆ మాట ఆమెను మళ్లీ అడగలేదు.

ఈలోగా రెండో సర్క్యులర్ వచ్చింది. కౌన్సిలర్లు బతిమాలి, కాళ్లావేళ్లా పడి వద్దనిపించుకుంటున్నారట. ప్రేరేపిత నిరాకరణ చెల్లదట. నిరాకరణ స్వచ్ఛందంగా, హృదయపూర్వకంగా ఉండాలట. అది కనిపెట్టడానికి సౌదామిని అనే శ్రవణ నాణ్యతాధికారిణిని నియమించారు. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని అద్దాల గదిలో కూర్చుంటుంది. ఏ ఫోన్ కాల్‌లోనైనా 'వద్దు', 'కాదు', 'ఒప్పుకోను' అన్న మాట పడితే ఆమె ముందున్న యంత్రంలో పచ్చ దీపం, 'సరే' అని పడితే ఎర్ర దీపం వెలుగుతుంది.

బతిమాలకుండా వద్దనిపించుకోవాలంటే మార్గం ఒక్కటే అని లోవరాజు కనిపెట్టాడు. "మీవాడి మార్కులు చూశానండి. వాడికి మా కోర్సు దండగ. ఏదైనా చేతిపని నేర్పించుకోండి," అనేవాడు ఫోన్ ఎత్తగానే. అవతలి తండ్రి హృదయపూర్వకంగా వద్దనేవాడు. లోవరాజు మళ్లీ చేసి, ఈసారి ఆ తండ్రి చదువుని కూడా ఓ మాట వెక్కిరించేవాడు. శనివారానికి లోవరాజుకి నూట పన్నెండు నిరాకరణలు, ఒక్క కన్వర్షన్ లేదు. ఫణీంద్ర వాడికి శాలువా కప్పి 'నిరాకరణ రత్న' అనే బిరుదిచ్చాడు. బెంగుళూరు హెడ్డాఫీసు నుంచి కేకు వచ్చింది. కేకు మీద 'వద్దు' అని తెలుగులో రాసి ఉంది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. రెండో వారంలో హెడ్డాఫీసు తల్లిదండ్రులకి ఉచిత ఆన్‌లైన్ తరగతులు పెట్టింది. పేరు 'కాదనుట ఒక కళ'. పక్కింటివాళ్లకి, బంధువులకి, బ్యాంకులవాళ్లకి, ఫోన్లు చేసేవాళ్లకి ఎలా కాదనాలో నేర్పుతారు. తొమ్మిది వేలమంది చేరారు. ఆ కంపెనీ చరిత్రలో మొదటినుంచి చివరిదాకా అందరూ కూర్చుని విన్న పాఠం అదొక్కటే. నేర్చుకున్నది వాళ్లు మేధాలిఫ్ట్ మీదే ముందు ప్రయోగించారు. అమ్మకాలు సున్నాకి వచ్చాయి. నిరాకరణ సూచిక మాత్రం గోడమీది తెరలో ఆకాశాన్నంటింది.

దాలమ్మ మాత్రం ఆ తరగతులకి వెళ్లలేదు. ఆవిడ ఫోన్లో డేటా కూతురి కోసం దాచిపెట్టింది.

అంతకుముందే, మొదటి వారంలో ఓ సాయంత్రం సన్యాసిరావు ఫోన్ చేస్తే ఝాన్సీ ఎత్తింది. "సార్, అమ్మ షెడ్డుకెళ్లినాది. నేనో మాటడగొచ్చా? మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్సెలాగవుతాది?"

ఫీజు కట్టనివాళ్లకి ఫోన్లో పాఠం చెప్పడం మేధాలిఫ్ట్‌లో పెద్ద నేరం. దాన్ని 'విలువ లీకేజీ' అంటారు. సన్యాసిరావు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "బళ్లో ఏం చెప్పారు?" అన్నాడు.

"అదంతే, గుర్తెట్టుకోమన్నారు. నేనొప్పుకోను సార్. అప్పు మీద అప్పు సేస్తే లాభమెలాగొస్తాది?"

పదిహేడేళ్లలో వందలమంది పిల్లలు ఆ సూత్రాన్ని తల వంచుకుని రాసుకున్నారు గాని, ఒప్పుకోనన్నవాళ్లు లేరు. కాలేజీ మూతపడ్డాక రెండేళ్లుగా ఎండిపోయిందనుకున్న ఊట ఎక్కడో కదిలింది. నేరమైతే అయిందని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మీ ఇంట్లో ఓ డబ్బాలో జీడిపప్పుందనుకో. రోజుకి పదేసి పలుకులు నువ్వే తినేస్తున్నావు. మూడు రోజుల కిందట డబ్బాలో ఇవాళ్టికంటే ఎన్ని ఎక్కువుండేవి?"

"ముప్పై."

"రోజూ పది తగ్గడం మైనస్ పది. మూడు రోజులు వెనక్కెళ్లడం మైనస్ మూడు. రెండూ గుణిస్తే వచ్చిన ముప్పై, ఎక్కువా తక్కువా?"

అవతల పిల్ల ఊపిరి వినిపిస్తోంది. వేళ్లమీద లెక్కపెడుతోంది కాబోలు. "ఎక్కువే సార్... ప్లస్సే," అంది చివరికి. "మరి బళ్లో ఇలగ సెప్పరేటి?"

ఫోన్ పెట్టేసి తల తిప్పేసరికి వెనకాల సౌదామిని నిలబడి ఉంది. సన్యాసిరావు ఉద్యోగానికి నీళ్లు వదులుకున్నాడు.

"శాన్, ఇవాళ మీ కాల్‌లో ఒక నిరాకరణ విన్నాను," అంది సౌదామిని. "ప్రేరేపణ లేదు. కడుపులోంచి వచ్చింది. పచ్చ దీపం ఇంతసేపు వెలగడం నేను చూడలేదు."

"అది కోర్సుని కాదనడం కాదండీ, లెక్కని కాదంది," అన్నాడు సన్యాసిరావు. ఆయనకి అబద్ధం త్వరగా రాదు.

"నాకు తెలుసు. నిబంధన చదివాను. మూడు నిరాకరణలు ఉండాలని ఉంది. దేన్ని నిరాకరించాలో లేదు. మైనస్‌ని నిరాకరించినా నిరాకరణే."

"నేను పాఠం చెప్పాను కదండీ మరి?"

"మీరు పాఠం చెప్పలేదు," అంది సౌదామిని కొంచెం కఠినంగా. "ఒక ఆక్షేపణ వచ్చింది, దాన్ని పరిష్కరించారు. ఆక్షేపణ పరిష్కారం కౌన్సిలర్ విధి. దాన్ని పాఠం అని మీరు ఇంకెక్కడా అనకండి."

అలా సన్యాసిరావు కంపెనీ అనుమతితో లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం అయిదింటికి ఫోన్ చేస్తే ఝాన్సీ పుస్తకం తెరిచి కూర్చుని ఉండేది. అన్నిటికీ ఎదురుతిరిగేది. x అంటే ఏమిటో తెలియకుండా దాన్ని ఇటునుంచి అటు మోసుకెళ్లడానికి ఒప్పుకోనంది. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే ఎప్పుడూ నూట ఎనభయ్యేనంటే, కాగితం మీద తొమ్మిది త్రిభుజాలు గీసి, మూలలు చింపి, పక్కపక్కన పేర్చి చూసుకునేదాకా ఒప్పుకోనంది. సున్నాతో భాగించకూడదనడం అన్యాయమంది. ప్రతి 'ఒప్పుకోను'కీ అద్దాల గదిలో పచ్చ దీపం వెలిగేది. మూడు నిరాకరణలు మొదటి వారంలోనే దాటిపోయాయి. సన్యాసిరావు డబ్బు కట్టించుకుంటానంటే ఫణీంద్ర రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"తొందరపడకు శాన్. ఈ లీడ్ ఒక హెరిటేజ్ ప్రాపర్టీ. నెలాఖరుకి హెడ్డాఫీసు వాళ్ల సమక్షంలో లైవ్‌గా కన్వర్ట్ చేద్దాం. అప్పటిదాకా వద్దనిపించు."

సన్యాసిరావు కూడా పెద్దగా బలవంతం చెయ్యలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం కాసేపు తప్ప ఆ అద్దాల మేడలో ఆయనకి ఊపిరి ఆడేది కాదు. భార్య కూడా కనిపెట్టి, "ఈ మధ్య అన్నం సరిగ్గా తింటున్నారు, ప్రమోషనేమైనా ఇచ్చారేంటి?" అని అడిగింది.

నెలాఖరు రోజు వచ్చింది. పెద్ద హాల్లో తెర కట్టారు. తెరమీద బెంగుళూరు నుంచి ఏడుగురు పెద్దమనుషులు చిన్నచిన్న గడుల్లో కూర్చుని చూస్తున్నారు. మూల ఒక అంకె మెరుస్తోంది: అరవై మూడు. ఒకే లీడ్ నుంచి అన్ని నిరాకరణలు దేశంలో ఏ శాఖలోనూ లేవు. ఫణీంద్ర ఉపన్యసించాడు. "అరవై మూడుసార్లు తలుపు వేసిన ఇల్లు ఇవాళ తలుపు తెరవబోతోంది. దిస్ ఈజ్ ది జర్నీ." తర్వాత సన్యాసిరావు భుజం మీద చెయ్యేసి, చెవిలో, "ఇది క్లోజ్ చెయ్యి. రేపట్నుంచి నాలుగో అంతస్తు," అన్నాడు.

సన్యాసిరావు ఫోన్ చేశాడు. హాలంతా వినిపించేలా స్పీకరు పెట్టారు.

"బాబూ, బాగున్నావా? భోంచేసినావా?"

"చేశానమ్మా. మరి... కోర్సు ఫీజు కట్టించుకునే రోజొచ్చిందమ్మా."

దాలమ్మ షెడ్డులోనే ఉన్నట్టుంది. వెనకాల ఎవరో ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు, పిక్కలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "మరింకెందుకు బాబూ? మా గుంటకి లెక్కలొచ్చీసినాయి కదా. మొన్న పరీక్షలో ఇరవైకి పద్దెనిమిదొచ్చినాయి. ఎవరు సెప్పినారే అని బళ్లో మాస్టారడిగినారంట. పోన్లో సారని సెప్పిందంట. ఆ డబ్బులెట్టి దానికి సైకిలు కొందామనుకుంటన్నాను. ఇంక మాకొద్దు బాబూ. ఏమనుకోకు."

పచ్చ దీపం వెలిగింది. అంకె అరవై నాలుగైంది. హాలంతా చప్పట్లు. తెరమీద ఏడుగురూ బొటనవేళ్లు ఎత్తారు.

కంపెనీలో ప్రతి కౌన్సిలరుకీ 'వద్దు'కి చెప్పాల్సిన ఇరవై ఒక్క సమాధానాలు కంఠతా వచ్చు. తల్లులకి తొమ్మిదోది. 'ఇవాళ వచ్చిన మార్కులు రేపు పదో తరగతిలో నిలుస్తాయని మీకెవరు చెప్పారమ్మా? పిల్ల వెనకబడితే రేపు మిమ్మల్నే అడుగుతుంది.' సన్యాసిరావు ఇప్పటికి ఇరవై నాలుగు ఇళ్లలో ఆ మాట చెప్పాడు. ఒక్క ఇంట్లోనూ అది గురి తప్పలేదు. ఆ ఇరవై నాలుగు ఇళ్లలో పిల్లలకి లెక్కలు వచ్చాయో లేదో ఆయనకి తెలియదు. దాలమ్మ మీద వేస్తే అది ఇంకా లోతుగా దిగుతుంది. చదువు మాన్పించిన తల్లి కడుపున పుట్టిన మనిషి ఆ మాటకి తట్టుకోలేదు, సాయంత్రంలోగా బోనసంతా తెచ్చి పోస్తుంది. ఒక్క వాక్యం. దాని అవతల నాలుగో అంతస్తు, పాఠం, మళ్లీ మాస్టారన్న పిలుపు. ఇవతల ఒక సైకిలు.

ఫణీంద్ర తొమ్మిది అన్నట్టు వేళ్లు చూపిస్తున్నాడు.

"మంచిదమ్మా," అన్నాడు సన్యాసిరావు. "సైకిలే కొనండి."

అద్దాల గదిలో దీపం పచ్చగానూ వెలగలేదు, ఎర్రగానూ వెలగలేదు. కౌన్సిలర్ లీడ్ మాట వినడమనేది జరగొచ్చని ఆ యంత్రం కట్టినవాళ్లకి తోచలేదు. తెరమీద ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు మాయమయ్యారు.

మధ్యాహ్నానికే విచారణ జరిగింది. సౌదామిని కాగితం చదివింది. "కౌన్సిలర్ సన్యాసిరావు, లీడ్ చేసిన ప్రతిపాదనకు తొలి మాటకే, ఒక్క ఆక్షేపణ అయినా లేవనెత్తకుండా అంగీకరించినారు. తొలి మాటకే అంగీకరించువారు విశ్వాసపాత్రులు కారని సంస్థ ఇదివరకే నిర్ధారించినది. కావున సదరు వ్యక్తిని, ఆయన ఫోన్ నంబరును శీతల గిడ్డంగికి తరలించుటకు సిఫార్సు చేయడమైనది."

"నువ్వేమైనా చెప్పుకుంటావా శాన్?" అన్నాడు ఫణీంద్ర. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "అరవై నాలుగు 'నో'లు విన్నవాడివి. నువ్వొక్క నో చెప్పలేకపోయావా?"

"చెప్పుకోవడానికేం లేదండీ. నాలుగో అంతస్తు ఒక్కసారి చూసి వెళతాను."

లోవరాజు తీసుకెళ్లాడు. బోధన విభాగం అని బోర్డున్న తలుపు తోస్తే లోపల వీడియో తీసేటప్పుడు వెనకాల కట్టే పచ్చ గుడ్డ ఒకటి వేలాడుతోంది. దాని ముందు స్టూలు, రెండు దీపాలు. మిగతా గదంతా 'కాదనుట ఒక కళ' పోస్టర్ల కట్టలు. మనిషన్నవాడు లేడు.

"మాస్టార్లేరీ?" అన్నాడు సన్యాసిరావు.

"ఉండేవారు సార్. పాఠాలన్నీ ఓసారి రికార్డు చేసేసేక, ఖాళీగా కూర్చోబెట్టి జీతమివ్వడమెందుకని కిందకి దింపేసేరు. మీ ఎదర సీటాయన ఫిజిక్సే. ఫణీంద్ర సార్ కెమిస్ట్రీ. బాగా చెప్పేవారట." లోవరాజు గొంతు తగ్గించాడు. "నేను మాత్రం ఏంటనుకున్నారు? బీఎడ్ సార్ నేను."

సన్యాసిరావు కొండ దిగి బస్టాపుకి వచ్చాడు. దాలమ్మ నంబరు కంపెనీ ఫోన్లోనే ఉండిపోయింది గాని, ఇరవై రోజులు నొక్కిన పదంకెలు లెక్కల మాస్టారికి గుర్తుండకపోతే ఇంకెవరికి గుర్తుంటాయి. రేపు అయిదింటికి పుస్తకం తెరుచుకుని ఎదురుచూస్తుందని తలుచుకుంటే మనసు ఊరుకోలేదు. సొంత ఫోన్నుంచి చేశాడు.

"అమ్మా, రేపట్నుంచి సాయంత్రం ఫోన్ రాదు. అమ్మాయితో చెప్పండి. నేనక్కడ మానేశాను."

"మానీసినావా, తీసీసినారా?" అంది దాలమ్మ.

సన్యాసిరావు ఎదర ఆగిన బస్సుని పోనిచ్చాడు.

"ఓలమ్మ. నానొద్దన్నాననేటి?"

"లేదమ్మా, లేదు. మీరు సరిగ్గానే అన్నారు."

దాలమ్మ ఫోన్ పక్కన పెట్టి ఎవరితోనో గట్టిగా మాట్లాడింది. ఆడగొంతులు నాలుగైదు ఒక్కసారి లేచాయి. మళ్లీ ఫోన్ తీసింది. "మాస్టారూ, మా షెడ్డులో ముప్పై మంది ఆడోళ్లం. అందరికీ పిల్లలే. ఆదివారం షెడ్డు ఖాళీ, మా యజమాని తాళం ఇచ్చీస్తాడు. రాగలవా? నెలకి పిల్లకెంత తీసుకుంటావు?"

సన్యాసిరావు మనసులో లెక్క వేసుకున్నాడు. "రెండొందలు."

"రెండొందలా? ఓర్నాయనో, వద్దు. నూటేబై."

ఇరవై ఒక్క సమాధానాలు నాలుక చివర వరసకట్టి నిలబడ్డాయి. సన్యాసిరావు వాటన్నిటినీ మింగేశాడు.

"నూటేబైయే ఇవ్వండమ్మా," అన్నాడు. "అక్కడ నల్లబల్ల పెట్టుకోవడానికి గోడుందా?"